గిటారునకు కదలెడి లంగరు

క్రైస్తవ మందిరములలోను, పెండ్లి పందిళ్ళలోను, పాఠశాలల వార్షికోత్సవములందును విద్యుత్తు గిటారు మ్రోగుట నేడు మన ధర్పల్లి ప్రాంతమున వింత కాదు. పై తరగతుల బాలురు కొందఱు కొంచెము కొంచెముగ సొమ్ము కూడబెట్టి గట్టిచెక్క గిటారులను కొనుచున్నారు. కొన్న కొలదినాళ్ళకే వారి మనస్సు మఱియొక వస్తువు మీదికి పోవుచున్నది. అది వాద్యపు క్రింది కొనయందు బిగింపబడి, ఒక లోహపు పిడిచే కదలెడి లంగరు. పిడిని మెల్లగ నొక్కిన నాదము క్రిందికి వ్రాలును. విడిచిన మఱల పైకి వచ్చును. వెంటవెంట నొక్కి విడిచిన నాదము వణకును. దీనిని వైబ్రాటో టెయిల్‌పీస్ అందురు. లేని వాద్యమునకు దీనిని తరువాత అమర్పవచ్చునా, అమర్చిన మేలా కీడా, అమర్చువారు ఏయే సంగతుల నెఱిగియుండవలయును అను ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము నుద్దేశము.

ముందుగా ఒక మాట. స్వరమును వణకించుట సులభము. వణకిన స్వరమును మొదటి స్థానమునకు సరిగా చేర్చుట కష్టము. ఈ సాధనమును గూర్చి నేర్వదగిన విద్య యంతయు ఈ రెండవ మాటలోనే యిమిడియున్నది.

వాద్య నిర్మాణము

సాధారణమైన గిటారునకు బోలుపెట్టె యుండును. తీగ కదలిక పెట్టె పైపలకకు ప్రాకి, లోని గాలిని కదల్చి, నాదమును పెద్దది చేయును. విద్యుత్తు గిటారునకు ఈ పెట్టెతో పని లేదు. దాని తీగల క్రింద పికప్ అను సాధన ముండును. అయస్కాంతమును, దాని చుట్టును సన్నని రాగితీగ చుట్టయు అందలి ముఖ్య భాగములు. ఉక్కుతీగ అయస్కాంతము నెదుట కదలినప్పుడు ఆ చుట్టలో అల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని బలపఱచి స్పీకరునకు పంపును. బోలు వాద్యమును బిగ్గఱగ మ్రోగించినచో స్పీకరు ధ్వనికే పెట్టె కదలి, ఆ కదలిక మఱల పికప్‌లో చేరి, వాద్యము కూతపెట్టును. ఈ బాధను తగ్గించుటకును, నాదము చిరకాలము నిలుచుటకును గట్టిచెక్కతో గిటారు చేయు పద్ధతి వచ్చినది. అమెరికా దేశమున లియో ఫెండరు 1950లోను, గిబ్సన్ కంపెనీవారు లెస్ పాల్ అను వాదకుని పేర 1952లోను ఇట్టి గిటారులను విక్రయింప మొదలిడిరి.

మనకు వీణ తెలిసినదే. బొబ్బిలి వీణను ఒకే పనసమొద్దునుండి తొలుతురు. వీణతీగ ఒక కొన బిరడకు చుట్టబడియుండును. రెండవ కొన లంగరునకు తగిలింపబడియుండును. ఈ రెంటి నడుమ తీగ మెట్లమీదుగా సాగి, గుఱ్ఱము నెక్కి దిగును. గిటారునందును ఇదియే క్రమము. తలయందు బిరడలు, తల, మెడ కలియుచోట తీగలకు గాళ్ళు గల చిన్నపలక, దీనికే నట్ అని పేరు, మెడపై మెట్లు, చెక్కపై బ్రిడ్జి, దానికి వెనుక టెయిల్‌పీస్. వీణ లంగరు చేయు పనినే టెయిల్‌పీస్ చేయుచున్నది గనుక, ఈ వ్యాసమున దానిని లంగరనియే పిలిచెదను. సాధారణ గిటారులో లంగరు కదలదు. దానిని కదలునట్లు చేయుటయే మన విషయము.

తీగ ధర్మము

తీగ స్వరము మూడింటిపై నాధారపడును: తీగ నిడివి, దాని బరువు, దాని బిగువు. మెట్టుపై వ్రేలుంచినప్పుడు నిడివి తగ్గి స్వరము హెచ్చును. లావుతీగ బరువగుటచే మంద్రముగ పలుకును. లంగరు పిడి నొక్కినప్పుడు మాఱునది బిగువు. బిగువు నాలుగు రెట్లైన కంపనములు రెండు రెట్లగును. అనగా బిగువు యొక్క వర్గమూలమును బట్టి కంపనములు మాఱును. వీణపై తీగను ప్రక్కకు లాగి గమకము పలికించువారును ఈ ధర్మమునే వాడుకొనుచున్నారు. లాగినప్పుడు బిగువు పెరుగును గనుక స్వరము పైకి పోవును. లంగరు పిడిని నొక్కినప్పుడు తీగ సడలును గనుక స్వరము క్రిందికి వచ్చును.

ఇక కొలతలు చూడుడు. గిటారు మొదటితీగ మిక్కిలి సన్ననిది; మందము అంగుళములో నూఱవవంతు, అనగా పావు మిల్లీమీటరు. అది సెకండునకు సుమారు 330 సారులు కంపించునట్లు శ్రుతి చేయుటకు, ఏడు కిలోల బరువును వ్రేలాడదీసినంత బిగువు కావలయును. ఆఱు తీగల బిగువును కూడిన సుమారు 45 కిలోలగును. మొదటితీగను అర్ధస్వరము దింపవలెనన్న బిగువులో సుమారు 11 వంతులు నూటికి తగ్గింపవలయును. ఇందుకై లంగరు తీగను వదలవలసిన పొడవెంతయో లెక్కించిన, అది ఇంచుమించు 0.6 మిల్లీమీటరు మాత్రమే!

ఈ చిన్న సంఖ్యను మఱువకుడు. దీనినుండి రెండు ఫలితములు కలుగుచున్నవి. మొదటిది: తీగలన్నియు ఒకే రీతిగ దిగవు. మూడవతీగ చుట్టులేని ఉక్కుతీగయై మొదటిదానికన్న లావుగ నుండును. లావుతీగ అంతే బిగువునకు తక్కువ సాగును. కావున కొలది సడలింపునకే దాని బిగువు మిక్కిలి తగ్గును. అదే 0.6 మిల్లీమీటరు సడలింపునకు మొదటితీగ ఒక అర్ధస్వరము దిగగా, మూడవతీగ ఇంచుమించు మూడు అర్ధస్వరములు దిగును. అందుచే ఆఱు తీగలను కలిపి మీటి పిడిని లోతుగ నొక్కినచో స్వరముల పొందిక చెడిపోవును. మెల్లని, కొలదియైన వణకే చెవికింపు.

రెండవ ఫలితము మఱియు ముఖ్యమైనది. తీగ తిరిగివచ్చునప్పుడు ఎక్కడనైన మిల్లీమీటరులో పదవవంతు చిక్కుకొన్నచో, మూడవతీగ ఇంచుమించు అర్ధస్వరములో సగము తప్పును. మిల్లీమీటరులో పదవవంతనగా సుమారుగా మీరు చదువుచున్న ఈ కాగితపు మందము. ఒక కాగితపు మందము తేడా వచ్చినను సంగీతము నెఱుగనివాడు సైతము ముఖము చిట్లించును.

సాధన చరిత్ర

ఈ సాధన చరిత్ర యంతయు ఆ కాగితపు మందముతో పోరాటమే. క్లేటన్ కాఫ్‌మన్ అను నమెరికా శిల్పి చేతిపిడితో తీగలను వణకించు సాధనమునకై 1929లో పేటెంటు కోరెను. దానికి వైబ్రోలా అని పేరు. ఈయనయే 1945లో లియో ఫెండరుతో కలిసి వాద్యముల వ్యాపారము చేసినవాడు. వైబ్రోలా నాదమును చక్కగ వణకించెను గాని, తీగలను శ్రుతిలో నిలుపలేకపోయెను. మెర్ల్ ట్రావిస్ అను ప్రసిద్ధ గిటారు వాదకుడు తన వైబ్రోలా మాటిమాటికి శ్రుతి తప్పుచున్నదని విసిగి, దానిని బాగుచేయుమని పాల్ బిగ్స్‌బీ నడిగెను. బిగ్స్‌బీ మోటారుసైకిళ్ళ పనిలో చేయితిరిగిన యంత్రకారుడు. ఆయన పాతదానిని బాగుచేయుటకు మాఱుగా క్రొత్తదానినే నిర్మించెను. 1950వ దశాబ్ది ఆరంభమున వెలువడిన ఆ నమూనా నేటికిని ఆయన పేరనే విక్రయింపబడుచున్నది.

1954లో ఫెండరు తన స్ట్రాటోకాస్టరు గిటారునకు మఱియొక పద్ధతిని కనిపెట్టెను. ఇందు బ్రిడ్జియు లంగరును ఒకే ముక్కయై కలిసి యూగును. వాద్యపు వెనుక గుంటలోనున్న స్ప్రింగులు తీగల లాగుడునకు ఎదురు లాగును. ఫ్లాయిడ్ రోజ్ అనునాయన పేటెంటు 1979లో మంజూరైనది. ఆయన తీగను నట్ వద్ద మరలతో బిగించి, అచట జారుటకే వీలులేకుండ చేసెను. ఈ ముగ్గురి పద్ధతులు వేఱైనను ముగ్గురి ప్రశ్న యొక్కటియే: తీగ సరిగా ఇల్లు చేరుట యెట్లు?

పేరును గూర్చి ఒక చిక్కు కలదు. స్వరము హెచ్చుతగ్గులగుటను వైబ్రాటో అనియు, ధ్వని బలము హెచ్చుతగ్గులగుటను ట్రెమొలో అనియు సంగీతజ్ఞు లందురు. ఫెండరు తన సాధనమునకు ట్రెమొలో అని పేరిడెను. అది చేయునది వైబ్రాటో. నాటినుండి అంగళ్ళలో రెండు పేర్లును కలగాపులగముగ వాడబడుచున్నవి. కొనువారు పేరును గాక పనిని చూడవలయును.

ఏ వాద్యమునకు ఏ లంగరు

ఫెండరు పద్ధతికిని, ఫ్లాయిడ్ రోజ్ పద్ధతికిని వాద్యపు చెక్కను లోతుగ తొలువవలసి యుండును. అట్లు తొలిచిన చెక్క మఱల పూర్వరూపము నొందదు. కావున ముందే అమర్చిన వాద్యము కొనుట మేలు. తరువాత చేర్చుటకు తగినది బిగ్స్‌బీ పద్ధతి. ఇది చెక్క పైభాగముననే కూర్చుండును. ఇందు తీగ కొనలన్నియు ఒక గుండ్రని ఇరుసునకు తగిలింపబడును. ఇరుసునకు పిడి గలదు. పిడి క్రింద ఒక లావైన స్ప్రింగు గలదు. పిడి నొక్కిన స్ప్రింగు ముడుచుకొనును, ఇరుసు తిరుగును, తీగ సడలును. విడిచిన స్ప్రింగు లేచి ఇరుసును మొదటిచోటికి త్రిప్పును.

వీనిలోను భేదములున్నవి. పైభాగము చదునుగ నున్న గిటారునకు నాలుగు స్క్రూలతో పైన బిగించునది యొకటి. లెస్ పాల్ వంటి ఉబ్బెత్తు పైభాగము గలవానికి, బెల్టుగుండీ యుండు కొనయందు బిగించి, ముందు రెండు స్క్రూలతో ఆపునది మఱియొకటి. కొన్నింటిలో ఇరుసునకు ముందు, తీగలను క్రిందికి అదుముటకు రెండవ కడ్డీ యుండును. పాత లంగరు మరలుండిన రంధ్రములలోనే కూర్చుండునట్లు చేసిన నడిమి పలకలును దొరకును. వైబ్రామేట్ అనున దట్టిది. అట్టి పలక సరిపడినచో క్రొత్త రంధ్రములు అక్కఱలేదు. వలదనుకొన్ననాడు తీసివేసి పాతది పెట్టుకొనవచ్చును. విలువగల వాద్యమునకు ఇదియే ఉత్తమ మార్గము.

బ్రిడ్జియు లంగరును ఒకే పలకగా నున్న వాద్యములలో, లంగరును మాత్రమే మార్చుట సాధ్యము కాదు. బ్రిడ్జి నిలుచు ఏర్పాటును వేఱుగ చూచుకొనవలయును. ఈ సంగతి తెలియక లంగరు కొని తెచ్చి, దానిని పెట్టెలోనే దాచుకొన్నవా రున్నారు. అసలైన బిగ్స్‌బీ లంగరు వెల కొన్ని చౌక గిటారుల వెలను మించును. కావున కొనుటకు పూర్వమే వాద్యపు కొలతలను, అమ్మువాడిచ్చిన పటమును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు.

అమర్చు విధము

మొదట బ్రిడ్జి ఎత్తును, చోటును గుర్తించి వ్రాసికొనుడు. పిమ్మట తీగలను ఒకదాని వెంట నొకటి కొంచెము కొంచెముగ సడలించి తీయుడు. పాత లంగరును, దాని మరలను ఒక చిన్న డబ్బాలో భద్రపఱచుడు. పాత మరల రంధ్రములోనుండి సన్ననితీగ యేదైన వచ్చుచున్నదేమో చూడుడు. దానిని గూర్చి ముందు ప్రత్యేకముగ చెప్పెదను.

తరువాతి పని మధ్యరేఖను కనుగొనుట. ఒక దారమును నట్ నడిమినుండి, బ్రిడ్జి నడుమగా, క్రింది కొనవఱకు బిగలాగుడు. లంగరును తాత్కాలికముగ కాగితపు టేపుతో నిలిపి, మొదటితీగను, ఆఱవతీగను మాత్రము కొంచెము బిగించి, ఆ రెండు తీగలును మెడ అంచులకు సమదూరమున నున్నవేమో పరీక్షింపుడు. బెల్టుగుండీ యున్నచోటే మధ్యమని నమ్మరాదు. చౌక వాద్యములలో అది ప్రక్కకు ఒరిగియుండుట కలదు. ఈ పరీక్షకు పట్టు గడియసేపే తరువాతి కష్టమునంతటిని తప్పించును.

రంధ్రము వేయవలసివచ్చినచో స్క్రూ కన్న సన్నని బరమాను వాడవలయును. బరమాకు కావలసిన లోతున టేపు చుట్టినచో అంతకు మించి దిగకుండ గుర్తుండును. రంగుపూత పెచ్చులూడకుండ రంధ్రము వేయుచోట టేపు అంటించుడు. స్క్రూకు కొంచెము సబ్బు రాచి త్రిప్పిన సులభముగ దిగును, చెక్క పగులదు. గట్టిచెక్కలో రంధ్రము లేకయే స్క్రూను బలిమి దింపినచో, చెక్క పగులును లేదా స్క్రూ తల తెగును. మన వడ్రంగులు ద్వారబంధమునకు బందులు బిగించునప్పుడు పాటించు జాగ్రత్తయే ఇదియు.

తీగలు తొడుగుటలో ఒక చిన్న యుపాయము కలదు. గిటారుతీగ కొనయందు రంధ్రము గల చిన్న పూస యుండును. దానిని ఇరుసుమీది మేకునకు తగిలింపవలయును. తీగ నిటారుగ నున్నచో బిగించులోపల పూస జారిపోవును. కావున ముందుగ తీగకొనను పెన్సిలు చుట్టును వంచి, వంకీ తిరిగిన పిమ్మట తగిలింపుడు. తీగ బిగియువఱకు ఇరుసు క్రింద ఒక స్పాంజిముక్కను దూర్చిన పూస కదలదు. తీగ ఇరుసును ఏ వైపునుండి చుట్టవలెనో, రెండవ కడ్డీ యున్నచో దాని క్రిందుగ పోవలెనో, పటము చూచి నిశ్చయించుకొనుడు. బిరడపై రెండు మూడు చుట్లు చాలును. ఎక్కువ చుట్లు చుట్టినచో ఆ చుట్లే సర్దుకొనుచు శ్రుతిని చెఱచును.

రాపిడిని జయించుట

ఇంతవఱకు చెప్పినది సగము పనియే. నిజమైన పని ఇపుడు మొదలగును.

మన పూర్వవిద్యార్థి యొకడు పసుపు త్రవ్వు దినములలో కూలిచేసి కూర్చుకొన్న సొమ్ముతో పట్టణమున ఒక దుకాణములో ఇట్టి లంగరును అమర్పించుకొనెను. లంగరు మెఱయుచుండెను, స్క్రూలు గట్టిగ నుండెను. అయినను పిడి నొకసారి నొక్కి విడిచిన మూడవతీగ శ్రుతి తప్పుచుండెను. క్రిస్మసు పాటలకు వాయించుట మాని, అతడు వాద్యమును సంచిలో పెట్టెను. లంగరు చెడ్డదని దుకాణమువారు చెప్పి, మఱియొకటి కొనుమనిరట. అతడు దానిని నాయొద్దకు తెచ్చినప్పుడు చూడగా దోషము లంగరులో లేదు. నట్‌లోని మూడవగాడి ఇఱుకుగ నుండెను. గాడిని మెత్తని ఉప్పుకాగితముతో నునుపుచేసి, పెన్సిలు గ్రాఫైటు పొడి రాచినంతనే తీగ నిలిచినది. అందుకైన వ్యయము ఒక పెన్సిలుముక్క.

ఈ దోషమును కనిపెట్టుటకు చెవియు, ఒక ట్యూనరును చాలును. తీగను శ్రుతిచేసి, పిడిని ఒకసారి నొక్కి మెల్లగ విడువుడు. తిరిగివచ్చిన స్వరము హెచ్చియున్నచో సాధారణముగ దోషము నట్ వద్ద నుండును. ఏలయన, పిడి నొక్కినపుడు బిరడవైపు భాగములో బిగువు ఎక్కువగుటచే అది తీగను తనవైపు లాగికొని, తిరిగి వదలకున్నది. తిరిగివచ్చిన స్వరము తగ్గియున్నచో బ్రిడ్జి వద్ద రాపిడి యున్నదని గాని, బిరడపై చుట్లు జారుచున్నవని గాని తలపవలయును. శ్రుతి చేయునపుడు నట్ వద్ద టిక్కుమని చప్పుడగుట మఱియొక గుఱుతు. తీగ చిక్కుకొని ఒక్కసారిగ జారుటవలన ఆ చప్పుడు కలుగును.

నివారణోపాయము లివి. నట్ గాళ్ళను నునుపు చేయవలయును గాని లోతు చేయరాదు. లోతైనచో తీగ మొదటిమెట్టుకు తగిలి జరజరలాడును. బ్రిడ్జిపై తీగ నిలుచుచోట తిరుగుడు చక్రములు గల బ్రిడ్జి దొరకును. లేదా బ్రిడ్జియే కొంచెము ముందునకు వెనుకకు ఊగునట్లు చేసిన రకములున్నవి. బ్రిడ్జినుండి లంగరునకు తీగ దిగు వాలును గమనింపవలయును. వాలు మిక్కిలి నిటారుగ నున్నచో రాపిడి హెచ్చును; మిక్కిలి చదునుగ నున్నచో గట్టిగ మీటినప్పుడు తీగ తన చోటునుండి తప్పుకొనును. క్రొత్తతీగలు సాగునవి గనుక, తొడిగిన దినమున వానిని చేతితో మెల్లగ పైకి లాగుచు రెండు మూడు మారులు శ్రుతి చేయవలయును. శ్రుతిని ఎప్పుడును క్రిందినుండి పైకి తేవలయును. మించినచో మఱల దింపి పైకి తేవలయును.

నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపుబస్తాలు తూచు కాంటాను చూచినవారికి ఈ సంగతి వెంటనే తెలియును. బస్తా దించిన పిమ్మట కాంటా సున్నకు రావలయును. రానిచో ఎంత పెద్ద కాంటా యైనను, ఎంత మెఱుగుపెట్టినదైనను, రైతు దానిని నమ్మడు. మన లంగరునకును పరీక్ష యిదియే. పిడిని పదిమారులు నొక్కి విడిచి, ఆఱు తీగలను ఒక్కొక్కటిగ ట్యూనరుతో చూడుడు. అన్నియు మొదటి గుర్తున నిలిచినచో పని పూర్తియైనట్లు. నిలువనిచో పని మిగిలియున్నది.

ఎర్తుతీగ

పాత లంగరు రంధ్రములో కనబడు సన్ననితీగను గూర్చి చెప్పెదనంటిని. అది ఎర్తుతీగ. గిటారు తీగలన్నియు లోహపు బ్రిడ్జి ద్వారమున గాని, లంగరు ద్వారమున గాని దీనితో కలిసి, లోపలి సాకెట్టుద్వారా ఆంప్లిఫయరు లోహపుపెట్టెకును, అచటినుండి మూడు ముండ్ల ప్లగ్గు ద్వారా భూమికిని చేరును. ఇది యున్నందుననే వాదకుని చేయి తీగలను తాకగానే గుంయిమను రొద తగ్గును. పాత లంగరు తీసివేయునపుడు ఈ సంబంధము తెగుట సర్వసాధారణము. పని ముగిసిన పిమ్మట మల్టీమీటరు ఒక ముల్లును గిటారుతీగకును, రెండవదానిని సాకెట్టు బయటిభాగమునకును తాకింపుడు. నిరోధము సున్నకు దగ్గఱగ నుండవలయును. లేనిచో ఎర్తుతీగను క్రొత్త లంగరు లోహమునకు గట్టిగ తగులునట్లు చేయవలయును.

ఇట ఒక ప్రాణాపాయమును గూర్చి హెచ్చరింపక తప్పదు. మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. ఆంప్లిఫయరు చెడి, దాని ఎర్తు సరిగా లేనిచో, ఆ విద్యుత్తు గిటారు తీగలవఱకు రావచ్చును. పాడువాడు తీగలపై చేయుంచి, వేఱొక సరఫరాకు తగిలించిన మైకును పెదవులతో తాకినంతనే విద్యుత్తు అతని దేహముగుండ ప్రవహించును. దీనికి విరుగుడు గిటారులోని ఎర్తుతీగను కత్తిరించుట కాదు. పందిరికి వైరింగు చేయువారు ఎర్తును నిజముగ భూమికి కలిపిరో లేదో చూచుకొనుట, ప్లగ్గు మూడవముల్లును విఱువకుండుట, ఆంప్లిఫయరును మైకును ఒకే ఎర్తు గల బోర్డుకు తగిలించుట, విద్యుత్తు లీకైన తక్షణము సరఫరాను ఆపు ఆర్‌సీసీబీ స్విచ్చి నుంచుట విరుగుడు. పెదవికి చురుక్కుమన్నచో నవ్వి ఊరకుండక, వాయించుట ఆపి, ఎలక్ట్రీషియనును పిలువుడు. పాటకన్న పాడువాని ప్రాణము గొప్పది.

గమకమును గూర్చి

ఇట్లు శ్రమపడి లంగరు నమర్చుకొనిన పిమ్మట దాని నెచట వాడవలయును? లంగరు ఆఱు తీగలను ఒక్కమాఱుగ కదల్చును. కావున స్వరములను గుత్తులుగ మీటి పాటకు తోడు వాయించునప్పుడు, చరణాంతమున నిలిచిన నాదమునకు స్వల్పమైన వణకు నిచ్చుట దానికి తగిన పని. మన సంగీతములోని గమకము వేఱు. కంపితమైనను, జారైనను ఒక్కొక్క రాగములో ఒక్కొక్క స్వరమునకే చెందినది. ప్రక్క స్వరము నిశ్చలముగ నుండవలసినప్పుడు ఇది కదలవలయును. అందుకు వ్రేలిని మించిన సాధనము లేదు. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు వీణపై వ్రేలిలాగుడుతోనే మానవకంఠమును తలపించు గమకములను పలికించిరి.

విద్యుత్తు వాద్యముపైన కూడ ఇది సాధ్యమని నిరూపించినవారు మన తెలుగువారే. ఉప్పలపు శ్రీనివాస్‌గారు 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లున జన్మించిరి. మాండొలిన్ అను చిన్న పాశ్చాత్యవాద్యమును కర్ణాటక సంగీతమునకు తెచ్చి, 1978లో గుడివాడలో తొలి కచేరి చేసిరి. సాధారణ మాండొలినునకు నాలుగు జతలుగ ఎనిమిది తీగలుండును. జతతీగలను కలిపి లాగి గమకము పలికించుట కష్టము. శ్రీనివాస్‌గారు జతలను విడిచి ఒంటితీగల గట్టిచెక్క విద్యుత్తు మాండొలినును చేపట్టి, ఐదు తీగలతో వాయించిరి. బిగ్గఱగ వాయింపకయే నాదము నిలుచుటచే, వ్రేలితో జార్చుటకును లాగుటకును వ్యవధి దొరకెను. 1998లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. 2014లో, 45 ఏండ్ల ప్రాయముననే వారు చెన్నపట్టణమున కీర్తిశేషులైరి.

వారి మార్పును గమనింపుడు. సంగీతమునకేమి కావలెనో మొదట నిశ్చయించి, వాద్యము నందులకు తగినట్లు మార్చిరి. మీరును మొదట ఆ ప్రశ్ననే వేసికొనుడు. రాగమును పలికింపదలచినవానికి ధనమక్కఱలేదు, సాధన చాలును. స్వరగుత్తులను మృదువుగ కదల్పదలచినవానికి లంగరు ఉపయోగపడును. ఊరక మెఱయుటకు కోరువానికి మాత్రము అది బరువును, వ్యయమును, శ్రుతిదోషమును తెచ్చిపెట్టును.

ఈ సెలవులలో లంగరు కొనదలచినవారు ముందొక పని చేయుడు. మీయొద్దనున్న వాద్యముననే మూడవతీగను శ్రుతిచేసి, మెట్టుపై వ్రేలితో బాగుగ ప్రక్కకు లాగి విడిచి, ట్యూనరు చూడుడు. శ్రుతి నిలువనిచో లంగరు వచ్చినను నిలువదు. మొదట నట్‌ను, బిరడలను చక్కబఱచుకొనుడు. నిలిచినచో వాద్యము లంగరునకు సిద్ధముగ నున్నది. అప్పుడు దారమును, సన్నని బరమాను, సబ్బుముక్కను, పెన్సిలును చేతబట్టి పని మొదలిడవచ్చును.